డిఫెండర్ 110: రాయగడ, కోరాపుట్ కొండదారులకు సరిపోతుందా?

నాగావళి_రాయగడ
అందరికీ నమస్కారం. ల్యాండ్ రోవర్ డిఫెండర్ 110 డీజిల్ గురించి మన దారులు తెలిసినవాళ్ల మాట కావాలి. షోరూంలో చెప్పేది విన్నాం, ఇసుక దిబ్బల మీద దూకించే వీడియోలూ చూశాం. రాయగడ నుంచి బిస్సంకటక్, మునిగుడ, అటు లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్, ఇటు గుణుపురం. వానాకాలంలో ఈ దారుల మీద ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ చెప్పడం లేదు. ఐదుగురు మనుషులు, సామాను. ఎక్కువ తారురోడ్డే గానీ ఎర్రమట్టి దారులు తప్పవు. అప్పుడప్పుడు సుంకి ఘాటీ దిగి సాలూరు మీదుగా విశాఖ. ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగులకు బదులు గాలితిత్తులు) తీసుకోవాలా, స్ప్రింగులే మేలా? 20 అంగుళాల చక్రాలు పర్వాలేదా? సర్వీసు దూరం ఎంత ఇబ్బంది? ఈ డబ్బుకి ఇంకేదైనా చూడాలా?

ఘాటీ_మాస్టారు (కోరాపుట్)
ముందు దీని బలం చెబుతాను, ఎందుకంటే అది నిజమైన బలం. 2019లో వచ్చిన ఈ కొత్త డిఫెండర్‌కి పాతదానిలా లాడర్ ఫ్రేమ్ (కింద నిచ్చెనలాంటి విడి చట్రం) లేదు, అల్యూమినియం మోనోకాక్ బాడీ, అంటే బాడీయే చట్రం. "ఫ్రేమ్ లేని బండి కొండకి పనికిరాదు" అనేవాళ్లు మన వైపు చాలామంది. ఆ భయం దీనికి వర్తించదు. బాడీ మెలిపడదు, గుంటల్లో ఒక చక్రం గాల్లోకి లేచినా తలుపులు బిగుసుకుపోవు.

ఎయిర్ సస్పెన్షన్ పైకెత్తినప్పుడు నేల నుంచి 291 మి.మీ. ఎత్తు. నేలకి తగలకుండా దాటగల వాలు చూస్తే, ముందు కోణం 38 డిగ్రీలు, వెనక కోణం 40, మధ్య కోణం (కడుపు కింద) 28. మన దారుల్లో పనికొచ్చేది వెనక కోణం. వాగు గట్టు ఎక్కేటప్పుడు చాలా ఎస్‌యూవీలకు వెనక బంపర్ నేలకి తగిలి ఊడిపోతుంది. దీనికి ఆ బాధ దాదాపు లేదు. మధ్య కోణం మాత్రం అంత గొప్పది కాదు. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 3022 మి.మీ. పొడవుంది కాబట్టి, గుట్టలా లేచిన ఎత్తు దాటేటప్పుడు కడుపు ఆనుతుంది. ట్రాక్టర్లు నడిచి నడిచి మధ్యలో దిమ్మె లేచిన దారిలో కూడా కడుపు ఆనుకోవచ్చు. అలాంటిచోట చక్రాలను గాడిలో దించకండి. ఒక పక్క చక్రాలు దిమ్మె మీద, మరో పక్కవి గట్టు మీద నడిపించాలి.

లో రేంజ్ (మెల్లగా, ఎక్కువ బలంతో నడిపే గేర్ల వరస) నిష్పత్తి 2.93. బండి పూర్తిగా ఆపి, బ్రేకు మీద కాలుంచి, న్యూట్రల్‌లో పెట్టి మార్చండి. తడి రాళ్లమీద దిగేటప్పుడు లో రేంజ్, హిల్ డిసెంట్ కంట్రోల్ (వాలులో వేగాన్ని బండే అదుపు చేసేది) కలిపి వాడితే బ్రేకు అవసరమే ఉండదు.

పర్లాకిమిడి_పానా
చక్రాల సంగతి నేను చెబుతా. అన్నా, ఈ బండిలో మీరు తీసుకునే నిర్ణయాల్లో అన్నిటికంటే పెద్దది ఇదే. ఇంజిన్ కూడా దీని తరవాతే.

దొరికే సైజులు: 255/70 ఆర్18, 255/65 ఆర్19, 255/60 ఆర్20, 275/45 ఆర్22. మొదటి మూడూ బయటి ఎత్తులో ఒకటే, సుమారు 814 మి.మీ. తేడా అంతా రిమ్‌కీ నేలకీ మధ్య ఉండే రబ్బరు గోడలో ఉంది. 18కి 178 మి.మీ., 19కి 166, 20కి 153, 22కి 124 మాత్రమే. పదునైన గ్రానైటు ముక్క మీద చక్రం ఎక్కినప్పుడు ఆ గోడ ముడుచుకుని మళ్లీ లేవాలి. గోడ పొట్టిగా ఉంటే ముడుచుకునే చోటు చాలదు. రిమ్‌కీ రాయికీ మధ్య రబ్బరు నలిగి లోపలి దారాలు తెగుతాయి. బయటికి చిన్న బుడిపెలా కనిపిస్తుంది. ఆ టైరు ఇక పారేయాల్సిందే, ప్యాచ్ పడదు.

19 తీసుకోండి. 18 ఇంకా మంచిదే గానీ పెద్ద బ్రేకులున్న ఇంజిన్లకు 18 రిమ్ పట్టదు. మీ వేరియంట్‌కి పడుతుందో లేదో బుకింగ్ ముందే రాతపూర్వకంగా అడగండి. 20తో సర్దుకోవచ్చు. 22 మాత్రం ఊరి పెళ్లిళ్లకి వేసుకెళ్లడానికే, కల్యాణసింగ్‌పూర్ దారికి కాదు.

ఇంకో మాట. ఇది ఎప్పుడూ నాలుగు చక్రాలకీ ఇంజిన్ శక్తి అందే బండి. ఒక్క టైరు పోయిందని ఒక్కటే కొత్తది వేస్తే అరిగినదానికీ దానికీ చుట్టుకొలత తేడా వస్తుంది, డిఫరెన్షియల్ (చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్లు) మీద నిత్యం బరువు పడుతుంది. ఒకే యాక్సిల్ మీద జతగా మార్చండి. ఈ సైజులు మన ఊళ్లలో స్టాకు ఉండవు. విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో తెప్పించుకోవాలి.

నాగావళి_రాయగడ
ధన్యవాదాలు తమ్ముడూ. గాలి ఎంత పెట్టాలి?

పర్లాకిమిడి_పానా
తారురోడ్డుకి డ్రైవర్ తలుపు దగ్గరున్న స్టిక్కర్ మీద రాసినదే. ఖాళీ బండికీ నిండు బండికీ అంకెలు వేరువేరుగా ఉంటాయి, అది చూసుకోండి. కంకర దారికి 28 పీఎస్ఐ, జారే ఎర్రమట్టికి 24, నదీగర్భంలో ఇసుకకి 18. ఇది రెండు టన్నుల పైన బరువున్న బండి కాబట్టి 18లో 20 కి.మీ. వేగం దాటొద్దు, స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పొద్దు, టైరు రిమ్ నుంచి ఊడుతుంది. తారురోడ్డు ఎక్కగానే మళ్లీ నింపాలి. తక్కువ గాలితో 80లో పోతే టైరు పక్కగోడ వేడెక్కి పగులుతుంది. పెద్ద కంప్రెసర్‌ని సిగరెట్ సాకెట్‌కి తగిలిస్తే ఫ్యూజు పోతుంది. బ్యాటరీ క్లిప్పులున్నది కొనండి.

జయపురం_డీజిల్
ఎయిరా, స్ప్రింగులా అన్నదానికి: మీ దారులకి ఎయిర్. కానీ దాన్ని చూసుకోవడం నేర్చుకోవాలి.

మామూలు ఎత్తు నుంచి 75 మి.మీ. లేస్తుంది, ఇరుక్కుంటే ఇంకో 70 వరకు. ఎక్కిదిగేటప్పుడు 50 తగ్గుతుంది, పెద్దవాళ్లకి అది చాలా మేలు. స్ప్రింగుల బండిలో ఇవేవీ లేవు.

ఇక పాడయ్యే తీరు. ఒక్కో చక్రం దగ్గర రబ్బరు గాలితిత్తి, ఒక కంప్రెసర్, గాలి నిల్వ డబ్బా, వాల్వ్ బ్లాక్, ఎత్తు కొలిచే సెన్సర్లు. తెల్లారి చూసేసరికి బండి ఒక మూల దిగి ఉంటే ఆ మూల గాలి కారుతోందన్నమాట. సబ్బునీళ్లు చల్లితే బుడగలు కనిపిస్తాయి. ఇక్కడే చాలామంది నిర్లక్ష్యం చేస్తారు, స్టార్ట్ చేస్తే మళ్లీ లేస్తోంది కదా అని. లేస్తుంది, ఎందుకంటే కంప్రెసర్ అదనంగా తిరిగి ఆ లోటు పూడుస్తోంది. అది ఆగి ఆగి తిరగాల్సిన యంత్రం. ఎడతెగకుండా తిరిగితే వేడెక్కి కాలిపోతుంది. చిన్న తిత్తి ఖర్చు పోయి తిత్తీ కంప్రెసరూ రెండూ మార్చాల్సి వస్తుంది.

రెండోది సెన్సర్ల లింకు కడ్డీలు. సన్నగా ఉంటాయి. పోడు కొట్టిన చేనుల పక్కన వెదురు మోళ్లు వీటిని విరుస్తాయి. విరిగితే బండికి తన ఎత్తు తెలీక డాష్‌బోర్డు మీద హెచ్చరిక వస్తుంది. కంగారుపడి కంప్రెసర్ మార్పించకండి, ముందు కింద పడుకుని నాలుగు లింకులూ చూడండి.

గుణుపురం_గేరు
ఎవరూ నీళ్ల సంగతి ఎత్తలేదు. మన వైపు ప్రాణాల మీదికి తెచ్చేది అదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

కంపెనీ చెప్పే లోతు 900 మి.మీ., స్ప్రింగుల బండికి 850. పైన పానా తమ్ముడు టైరు ఎత్తు 814 అన్నాడు. అంటే 900 అంటే టైరు పూర్తిగా మునిగి, దాని మీద ఇంకో నాలుగువేళ్ల నీరు. బండి పక్కన నిలబడి ఆ ఎత్తు చేత్తో కొలిచి చూడండి, మీ నడుము దగ్గరికి వస్తుంది. అది నిలకడ నీటికి, అడుగు గట్టిగా ఉన్నచోటికి పెట్టిన హద్దు. వంశధార పాయలైనా, నాగావళిలో కలిసే కొండవాగులైనా పారే నీళ్లు. పక్కనుంచి కొట్టే నీరు తలుపుల పొడవునా తోస్తుంది. పైగా కొత్త బండ్ల తలుపు రబ్బర్లు గట్టిగా మూసుకుంటాయి, లోపలికి నీరు రాదు కాబట్టి బండి తేలడం మొదలవుతుంది. బరువు టైర్ల మీద నుంచి పోయాక ఏ టెర్రైన్ రెస్పాన్స్ (నేలని బట్టి బండి నడక మార్చే సిస్టం) కూడా ఏమీ చేయలేదు. పారే నీటికి నా లెక్క టైరు సగం, అంటే 400 మి.మీ. అంతకు మించితే ఆగిపోవాలి. కాజ్‌వే మీద గట్టు రాళ్లు కనిపించకపోతే లోతు ఎంతున్నా దిగొద్దు.

దిగాల్సి వస్తే వరస ఇది:
1. ముందు మనిషి వెదురు కర్రతో నడిచి చూడాలి. మనిషి నిలబడలేని ప్రవాహంలో బండి కూడా నిలబడదు.
2. ఘాటీ దిగి వచ్చాక బండిని కాసేపు ఆపండి. చక్రాల మధ్యలోని వేడి హబ్బులు చన్నీళ్లలో ఒక్కసారిగా చల్లారితే లోపలి గాలి ముడుచుకుని సీళ్ల గుండా నీటిని పీల్చుకుంటాయి.
3. లో రేంజ్, తెరమీద వేడ్ ప్రోగ్రాం (నీళ్లు దాటడానికి). అది బండిని ఎత్తుతుంది, డ్రైవ్‌లైన్ లాక్ చేస్తుంది, బయటి గాలి లోపలికి రాకుండా ఆపుతుంది, యాక్సిలరేటర్‌ని మెత్తబరుస్తుంది.
4. మెల్లగా దిగి, లోపల నడక వేగం. ముందు చిన్న అల లేవాలి, దాని వెనకే మీరు పోవాలి. మధ్యలో ఆగొద్దు.
5. అద్దాల కింది సెన్సర్లు మీరున్న చోట లోతు చూపిస్తాయి. ముందున్న గొయ్యిని చూపించవు.
6. ఒడ్డెక్కాక వేడ్ ప్రోగ్రాం తనే బ్రేకులు కాస్త రాపించి ఆరబెడుతుంది. అయినా నాలుగుసార్లు నొక్కి చూసుకున్నాకే వేగం పెంచండి.

నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి. సిలిండర్‌లో నీరుంటే అది నొక్కుకుపోదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తాడు కట్టి లాగించండి. మామూలు ఇన్సూరెన్సు ఈ నష్టాన్ని సాధారణంగా ఒప్పుకోదు, ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ తీసుకోండి. లోతు నీళ్లు దాటిన వారంలో డిఫరెన్షియల్ ఆయిల్ చూపించండి. పాలు కలిసిన టీలా ఉంటే నీరు చేరింది.

నాగావళి_రాయగడ
గేరు గారూ, ఇంత వివరంగా రాసినందుకు చాలా కృతజ్ఞతలు. స్నార్కెల్ (ఇంజిన్‌కి పైనుంచి గాలి అందించే గొట్టం) వేయించుకోవాలా మరి?

గుణుపురం_గేరు
కంపెనీ యాక్సెసరీల్లో రెయిజ్డ్ ఎయిర్ ఇన్‌టేక్ ఉంది. మీకు దానివల్ల లాభం నీళ్లలో కంటే దుమ్ములో ఎక్కువ. కాశీపూర్, దామన్‌జోడి వైపు బాక్సైట్ లారీల వెనక పోతే ఎయిర్ ఫిల్టర్ త్వరగా నిండుతుంది. ఎండాకాలంలో సర్వీసు గడువు వరకు ఆగకుండా మధ్యలో ఫిల్టర్ తీసి చూడండి, ఏసీ ఫిల్టర్ కూడా. ముఖ్యంగా చెప్పేది: స్నార్కెల్ ఉందని లోతు హద్దు పెరగదు.

మల్కన్‌గిరి_మట్టి
నేను వేరే వైపు నుంచి మాట్లాడతాను. బండి గొప్పదే. కానీ మన దారులకి చాలా వెడల్పు. అద్దాలు మూసినా 2008 మి.మీ., తెరిస్తే 2105. చిత్రకొండ, పొట్టంగి లోపలి పంచాయతీ రోడ్లలో ఎదురుగా ట్రాక్టర్ వస్తే మీరే వెనక్కి నడపాలి. వెనక తలుపు మీద స్పేర్ చక్రం, అద్దంలో సగం అదే కనిపిస్తుంది. దానికోసమే కెమెరా అద్దం ఇచ్చారు. వానలో ఎర్రమట్టి చిమ్మితే ఆ కెమెరా కళ్లు మూసుకుపోతాయి, బానెట్ కింద దారి చూపించే గ్రౌండ్ వ్యూ కూడా అంతే. చిన్న సీసాలో నీళ్లు, గుడ్డ అందేచోట పెట్టుకోండి. మలుపు తిరగడానికి 12.84 మీటర్ల వృత్తం కావాలి, ఇరుకు హెయిర్‌పిన్‌లో వెనక్కి ముందుకి తప్పదు. మొత్తం పొడవు స్పేర్‌తో కలిపి 5018 మి.మీ. ఇంటి గేటు, షెడ్డు ముందే కొలవండి. వెనక తలుపు పక్కకి తెరుచుకుంటుంది కాబట్టి గోడకి ఆనించి నిలిపితే సామాను తీయలేరు.

నేనైతే టయోటా ల్యాండ్ క్రూయిజర్ 300 చూస్తాను. లాడర్ ఫ్రేమ్, 3.3 లీటర్ల వీ6 డీజిల్, 700 ఎన్ఎం టార్కు (చక్రం తిప్పే బలం). వీల్‌బేస్ 2850, అంటే కాస్త పొట్టి. గాలితిత్తుల గొడవే లేదు.

ఘాటీ_మాస్టారు (కోరాపుట్)
మట్టి బాబూ, వెడల్పు విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ ల్యాండ్ క్రూయిజర్ కూడా ఏమంత సన్నం కాదు, ధర రెండు కోట్ల పైన. అక్కడ నీటి లోతు 700. మన్నిక దృష్టిలో మీ మాట సరైనదే. పది పదిహేనేళ్లు ఉంచుకునేవాళ్లకి, కొనగలిగితే, అదే నా ఓటు. తారురోడ్డు మీద ఎక్కువ తిరుగుతూ వానాకాలంలో కొండెక్కేవాళ్లకి డిఫెండర్ హాయిగా ఉంటుంది. సుంకి మలుపుల్లో బాడీ ఊగదు, వెనక కూర్చున్నవాళ్లకి వాంతులు రావు.

డిఫరెన్షియల్ గురించి ఎవరూ అనలేదు. ముందు, వెనక యాక్సిళ్లను కలిపి బిగించే సెంటర్ లాక్ ఉంటుంది. వెనక యాక్టివ్ లాకింగ్ డిఫరెన్షియల్ వేరియంట్‌ని బట్టి ఆప్షన్. అది తప్పక పెట్టించండి. అది లేకపోతే గాల్లో లేచిన చక్రాన్ని బ్రేకుతో ఆపి మిగతాదానికి శక్తి పంపాలి. పొడవాటి జారుడు ఎత్తులో అలా చేస్తూ పోతే బ్రేకులు వేడెక్కి సిస్టం కాసేపు చేతులెత్తేస్తుంది. ముందు డిఫరెన్షియల్‌కి లాక్ లేదు. మూడూ కావాలంటే మెర్సిడెస్ జీ-క్లాస్, ఆ ధర వేరే కథ.

జయపురం_డీజిల్
డీజిల్ గురించి. డి300 అంటే 3 లీటర్లు, ఆరు సిలిండర్లు, 650 ఎన్ఎం. ఘాటీలకి దీనికి మించి అక్కర్లేదు. రెండు జాగ్రత్తలు.

ఒకటి డీపీఎఫ్. పొగలోని మసిని పట్టే ఫిల్టర్ అది, నిండినప్పుడు తనే కాల్చుకుంటుంది. దానికి ఎగ్జాస్ట్ బాగా వేడెక్కాలి. రాయగడ బజారుకీ ఇంటికీ మధ్య చిన్న చిన్న ప్రయాణాలే అయితే ఆ కాల్చడం సగంలో ఆగిపోతుంది. అలా పదేపదే జరిగితే కాలని డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది, ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. మట్టం పెరగడం మంచి గుర్తు కాదు, వెంటనే మార్పించాలి. వారానికోసారి పార్వతీపురం రోడ్డులో అరగంట ఆగకుండా 60కి పైన నడిపితే చాలు.

రెండోది డెఫ్ ద్రవం, పొగని శుభ్రం చేయడానికి విడి ట్యాంకులో పోసేది. 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధమైన నీరు. అది పూర్తిగా అయిపోతే ఇంజిన్ ఆపాక మళ్లీ స్టార్ట్ కాదు. హెచ్చరిక రాగానే నింపండి. డబ్బా మీద ఐఎస్ఓ 22241 అని ఉండాలి. ఎండలోనో వేడెక్కే షెడ్డులోనో పెట్టొద్దు, 30 డిగ్రీలు దాటితే త్వరగా పాడవుతుంది. పొరపాటున డీజిల్ ట్యాంకులో పోస్తే స్టార్ట్ బటన్ నొక్కకండి, ట్యాంకు కడిగించాకే స్టార్ట్ చేయాలి.

పర్లాకిమిడి_పానా
ఎర్రమట్టి గురించి ఒకటి. మట్టిదారి నుంచి వచ్చాక తారురోడ్డు మీద 70-80లో స్టీరింగ్ వణికితే వెంటనే అలైన్‌మెంట్‌కి పోకండి. రిమ్ లోపలి అంచున, స్పోకుల వెనక, మట్టి అరచేతి మందాన అతుక్కుని ఎండి ఉంటుంది. బయటినుంచి చక్రం శుభ్రంగానే కనిపిస్తుంది. వేళ్లు లోపలికి పెట్టి తడిమితే దొరుకుతుంది. పావుకిలో మట్టి ఒక పక్కన ఉన్నా చాలు, చక్రం బ్యాలెన్సు పోతుంది. చెక్కముక్కతో గీకి నీళ్లు కొట్టండి. కింది ప్లాస్టిక్ షీల్డుల మీద కూడా మట్టి నిలుస్తుంది, కడిగేటప్పుడు ప్రెజర్ నీళ్లు కింది నుంచి పైకి కొట్టాలి. రేడియేటర్ రేకులకి మాత్రం ప్రెజర్ వద్దు, వంగిపోతాయి, మామూలు పైపు చాలు. బ్రేకు డిస్కు వెనక రేకులో గులకరాయి ఇరుక్కుంటే కీచుమని అరుస్తుంది. మెల్లగా వెనక్కి నడిపితే చాలాసార్లు పడిపోతుంది.

మల్కన్‌గిరి_మట్టి
సర్వీసు విషయం నాగావళి గారు అడిగారు. కోరాపుట్, రాయగడ, గజపతి, మల్కన్‌గిరి ఏ జిల్లాలోనూ కంపెనీ వర్క్‌షాప్ లేదు, కొండ దిగాల్సిందే. బండి ఆగిపోతే ఫ్లాట్‌బెడ్ మీదే పంపించండి. ముందు చక్రాలు ఎత్తి వెనకవి రోడ్డు మీద లాగే మామూలు క్రేన్ వద్దు, ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ బాక్స్ పాడవుతుంది. ఫ్లాట్‌బెడ్ ఉన్నవాళ్ల నంబరు ముందే రాసిపెట్టుకోండి, ఇన్సూరెన్సువాళ్ల రోడ్‌సైడ్ సాయం మన పిన్‌కోడ్‌కి వర్తిస్తుందా అని కూడా అడగండి. ఇక్కడి మెకానిక్కులు చేతి పని బాగా తెలిసినవాళ్లే, కానీ ఈ బండిలో చాలా పనులకి కంపెనీ డయాగ్నస్టిక్ సాఫ్ట్‌వేర్ కావాలి.

విశాఖలోనో హైదరాబాదులోనో సెకండ్ హ్యాండ్ చూస్తుంటే, ఆ ఆర్టీవో నుంచి ఫారం 28 ఎన్ఓసీ తీసుకోండి. వేరే రాష్ట్రం బండి ఒడిశాలో 12 నెలలు దాటి ఉంటే ఇక్కడి నంబరు వేయించుకోవాలి, రోడ్డు టాక్సు మళ్లీ కట్టాలి. కోటి దాటిన బండికి ఆ మొత్తం చిన్నది కాదు, బేరం ఆడేటప్పుడే లెక్క వేసుకోండి. ముందు బుల్‌బార్ ఉంటే తీసేయించండి. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ వాటిని వద్దంది, ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లకి అడ్డం కూడా.

నాగావళి_రాయగడ
అందరికీ నమస్కారాలు. 19 అంగుళాలు, ఎయిర్, వెనక లాక్, డీజిల్ అని రాసుకున్నాను. వెడల్పు కోసం ఒకసారి బండి తెప్పించి బిస్సంకటక్ లోపలి దారిలో నడిపి చూస్తాను. చివరి ప్రశ్న: బండిలో ఎప్పుడూ ఉండాల్సిన సామాను ఏమిటి?

పర్లాకిమిడి_పానా
కంప్రెసర్, గాలి కొలిచే గేజి, ప్లగ్ కిట్. సాగే కైనెటిక్ తాడు ఒకటి, దాన్ని తగిలించడానికి రెండు షాకిల్స్ (ఇనుప కొక్కేలు). తాడు బండికిచ్చిన రికవరీ పాయింట్లకే కట్టాలి. సస్పెన్షన్ ఆర్ముకో, టో బార్ బంతికో కట్టొద్దు, బంతి విరిగితే తుపాకి గుండులా వస్తుంది. లాగేటప్పుడు తాడు మధ్యలో తడి గోనె వేయండి, మనుషుల్ని తాడు పొడవు కంటే దూరంగా నిలబెట్టండి. పార, ఇరుక్కున్న చక్రాల కింద పెట్టే రెండు రికవరీ బోర్డులు. జాకీ కింద పెట్టడానికి అడుగు చదరం, రెండంగుళాల మందం ఉన్న సాల చెక్క. తడి ఎర్రమట్టిలో అది లేకపోతే జాకీ కిందికి దిగుతుందే గానీ బండి పైకి లేవదు. ఐదు లీటర్ల డెఫ్. డెలివరీ రోజే లాకింగ్ నట్లు (దొంగలు విప్పలేని చక్రాల నట్లు) ఉన్నాయా అడిగి, ఉంటే వాటి అడాప్టర్ ఎక్కడుందో చూసుకోండి. అది వర్క్‌షాప్‌లో ఉండిపోతే దారిలో పంక్చరైన చక్రాన్ని విప్పడానికి ఎవరివల్లా కాదు.

గుణుపురం_గేరు
దానికి తోడు ఒక వెదురు కర్ర, 40 సెంటీమీటర్ల దగ్గర ఎర్ర పెయింటు గీతతో.